పుస్తకం మూసి వినాలి

ఆడియో పుస్తకాలకు ప్రూఫ్ వినే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లంతా మొదటిరోజు ఒకేలా కూర్చుంటారు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, పుస్తకం తెరిచి, లైను కింద వేలు పెట్టి ఫైల్ ప్లే చేస్తారు. నేను ముందు ఆ పుస్తకం మూయిస్తాను. అక్షరం కళ్లెదుట ఉంటే చెవి బద్ధకిస్తుంది. చదివినాయన ఒక ముక్క మింగేసినా కన్ను దాన్ని పూరించేస్తుంది, మనకు విన్నట్టే ఉంటుంది. అందుకని మొదటి విడత ఉత్త చెవులతో వినాలి. అర్థమవుతోందా లేదా, అంతే చూసుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చదివారా లేదా అన్నది రెండో విడత పని. అప్పుడు తెరవండి పుస్తకం, పెన్సిల్ కూడా తీసుకోండి.

ఇది నాకు నేర్పింది చూపులేని ఒక లెక్చరర్ గారు. చరిత్ర చెప్పి రిటైరయ్యారు. అంధ విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు రికార్డు చేసే చోట పరిచయం. అక్కడ జీతం లేదు, టీ ఉండేది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, చూపులేనివాళ్ల కోసం పుస్తకాలను వాళ్లకు అందే రూపంలోకి మార్చుకోవచ్చన్నారు. ఇదే పనికోసం 2013లో మర్రకేష్ ఒప్పందం కుదిరితే, 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. ఆ సవరణకు ముందు పుస్తకానికో అనుమతి ఉత్తరం రాసి జవాబు కోసం కాచుకోవడమేనని ఆయన చెప్పేవారు.

కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్‌ని ఆయన పెట్టుకునే వేగానికి నాకు ఒక్క మాటా అందేది కాదు. మనిషి గొంతును మాత్రం మామూలు వేగంలోనే వినేవారు. ఓసారి నేను తప్పుల్లేవని పంపిన అధ్యాయాన్ని సగంలో ఆపేసి, “అమ్మా, ఇది రచయిత అంటున్నాడా, ఎవరో అన్నదాన్ని చెబుతున్నాడా?” అని అడిగారు. పుస్తకం చూస్తే ఇట్టే తెలుస్తోంది. వింటే తెలియడం లేదు. నాన్‌ఫిక్షన్ చదవడంలో చిక్కంతా అక్కడే ఉందని ఆ రోజే నాకు పట్టుబడింది.

కొంచెం నిదానంగా చెబుతాను. ఇలాంటి వాక్యం ఒకటి తీసుకోండి: జబ్బులు వ్యాపించేది కుళ్లు వాసనల వల్లనేనని పంతొమ్మిదో శతాబ్దంలో చాలామంది వైద్యులు నమ్మేవారు. కాగితం మీద కన్ను ముందుకు పరుగెత్తి ‘నమ్మేవారు’ని చూసేసుకుంటుంది. చెవికి ఆ వసతి లేదు. చదివే ఆయన మొదటి సగాన్ని సొంత అభిప్రాయంలా ఖరాఖండిగా చదివి, ‘వల్లనేనని’ దగ్గర గొంతు దించేస్తే, శ్రోత దాన్ని నిజమని పుచ్చేసుకుంటాడు. తర్వాత క్రియ వచ్చాక వెనక్కి వెళ్లి దిద్దుకోవాలి. అతను దిద్దుకునేలోపు రెండో వాక్యం వెళ్లిపోతుంది. పేజీకి ఇలాంటివి ఐదారుంటే శ్రోత మధ్యలో వదిలేస్తాడు. వదిలేసి, పుస్తకం కష్టంగా ఉందంటాడు.

మా గదిలో వీటిని అరువు వాక్యాలంటాం. స్క్రిప్టులో వాటి కింద అలల గీత గీస్తాం. గీత ఉన్నంతమేరా గొంతు కాస్త పైన నిలపాలి, పరాయివాడి మాట మోస్తున్నట్టు. క్రియ దగ్గరే కిందికి దిగాలి. నాటకంలా వెటకారం చేయకూడదు, రచయిత వాళ్లను వెక్కిరించడం లేదు కదా. ఇది పట్టుబడిన రీడర్ దొరికితే వదలకండి. మంచి గొంతులు చాలా ఉన్నాయి, ఇది వచ్చినవాళ్లు తక్కువ.

రెండో ప్రమాదం వ్యతిరేకార్థం. మన క్రియల్లో ‘కాదు’ అన్న సంగతి మాట కడుపులో దాక్కుంటుంది. ‘జరగకపోవచ్చు’ని ‘జరగవచ్చు’ అని చదివినా వాక్యం నున్నగానే పోతుంది. తడబాటుతో వచ్చే తప్పును ఎవరైనా పట్టుకుంటారు, నున్నగా పోయేదే మనల్ని ముంచుతుంది. రంగస్థలం మీద పేరున్న ఒక పెద్దాయన ఆర్థికశాస్త్రం పుస్తకం చదివారు. ‘అవకాశం లేకపోలేదు’ అన్నచోట ‘అవకాశం లేదు’ అనేశారు. ఇంజనీరు పట్టుకోలేదు, రచయితా విని సరేనన్నాడు. నేను ఆపితే పెద్దాయనకు కోపమొచ్చింది. “నేను అలా అనను” అన్నారు. ప్లే చేశాం. మళ్లీ ప్లే చేయమన్నారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాతి పుస్తకానికి మాత్రం, నేను బూత్ బయట కూర్చుంటేనే చదువుతానని కబురంపారు. నా ఫీజు పెరగలేదనుకోండి. మాకిచ్చేది పూర్తయిన ఆడియో గంట లెక్కన, గంట వినడానికి ఎన్ని గంటలు పట్టినా సరే.

అంకెల సంగతి. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లని పేజీ మీద ఉంటే కన్ను నిలబడి చూస్తుంది. చెవిలో ‘వెయ్యీ మూడువందల ఎనభై కోట్ల’ అనేసరికి మొదటి మాట జారిపోతుంది. అంకె ముందు అర క్షణం, తర్వాత ఒక క్షణం ఆగమని చెబుతాను. ఇంగ్లీషు నుంచి వచ్చిన పుస్తకాల్లో బిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు సున్నాలు అటూఇటూ అవుతాయి, అదీ మనమే చూసుకోవాలి. క్రీ.పూ. అన్న పొట్టి మాటను ఒక కుర్రాడు అధ్యాయమంతా ‘క్రీపూ’ అనే చదివాడు. పాపం, స్పష్టంగానే చదివాడు. ‘పై పటంలో చూపినట్టు’ అన్నది వస్తే రచయితకు ఫోన్ చేయండి, ఆ పటాన్ని రెండు వాక్యాల్లో రాసిమ్మనండి. రాసివ్వలేకపోతున్నాడంటే అది విని అర్థం చేసుకునే పుస్తకం కాదు.

వినే పుస్తకాలు ఏవో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. నందూరి రామమోహనరావు గారి ‘విశ్వరూపం’, ‘నరావతారం’ చెవికి హాయిగా ఎక్కుతాయి. దినపత్రిక నడిపిన మనిషి, పాఠకుణ్ని మధ్యలో వదిలి వెళ్లడు. ‘విశ్వదర్శనం’ అలా కాదు, తత్వవేత్తల మాటలన్నీ అరువే కాబట్టి అలల గీతలతో పేజీ నిండిపోతుంది. ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ నన్ను ఆశ్చర్యపరిచింది. 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చిన ప్రయాణం. ఏ ఊరు, ఎంత దూరం, ఎక్కడ దిగాం అని రోజువారీగా సాగుతుంది. చదువుతుంటే నాకు పేజీలు తిప్పేయాలనిపించింది. వింటుంటే మాత్రం ఆ ఊళ్ల వరసే నడక అయిపోయింది. ఇంగ్లీషులో ట్రెవర్ నోవా తన ‘బార్న్ ఎ క్రైమ్’ తనే చదువుకున్నాడు. అందులో వచ్చే దక్షిణాఫ్రికా భాషల కోసం వేరేవాళ్లు నెలల తరబడి సాధన చేయాలి. అలాగని ప్రతి రచయితనీ బూత్‌లోకి తేకండి. చాలామంది తమ వాక్యం తమకు తెలుసు కదా అని తోసుకుంటూ పోతారు. డేనియల్ కానెమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ లాంటిది వినండి గానీ, అచ్చు ప్రతి కూడా దగ్గరుంచుకోండి.

వినడం చదవడంతో సమానమేనా అని ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. 2016లో బెత్ రొగౌస్కీ బృందం చూసినప్పుడు చదివినవాళ్లకూ విన్నవాళ్లకూ గ్రహింపులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంతకుముందు 2010లో డేనియల్, వుడీ అనే ఇద్దరు చేసిన పరిశోధనలో పాఠాన్ని పాడ్‌కాస్ట్‌గా విన్న విద్యార్థులు చదివినవాళ్లకంటే పరీక్షలో వెనకబడ్డారు. మొదటి దానిలో వినిపించింది ‘అన్‌బ్రోకెన్’, అంటే యుద్ధంలో బతికి బయటపడ్డ మనిషి కథ. రెండోది పాఠం లాంటి వ్యాసం. నాకైతే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. కథ చెవిలో తనంతట తను నిలుస్తుంది, వాదాన్ని ఎవరో నిలబెట్టాలి. ఒకటిన్నర వేగంలో వింటామనేవాళ్లకు నేను అడ్డు చెప్పను. ప్రూఫ్ మాత్రం ఆ వేగంలో వినకండి. రీడర్ కష్టపడి పెట్టిన విరామాలన్నీ కుంచించుకుపోతాయి.

మిగతావి గదిలో తిరిగితే వచ్చేస్తాయి. ఆడియో పుస్తకాలు తీసుకునే వేదిక ఏసీఎక్స్ వాళ్ల కొలత ప్రకారం నిశ్శబ్దంలో మిగిలే రొద మైనస్ 60 డెసిబెల్స్ దాటకూడదు. అంటే ఫ్యాను ఆపాలి, పక్కింటి కుక్కర్ కూతలు అయ్యేదాకా ఆగాలి. పట్టుచీర కట్టుకొస్తే మైకు ప్రతి కదలికా పట్టేస్తుంది, గాజులు సరేసరి. నోరెండి చప్పరింపులు వస్తుంటే ఆకుపచ్చ యాపిల్ ముక్క నమలమనండి. పికప్‌లు, అంటే తప్పులకు మళ్లీ చదివే ముక్కలు, మొదట రికార్డు చేసిన వేళకే పెట్టుకోండి. పొద్దుటి గొంతు పక్కన భోజనం తర్వాతి గొంతు అతికిస్తే చెవికి కుట్టు తెలుస్తుంది.

పికప్ షీటులో ‘బాగాలేదు’ అని రాయకండి. నిమిషం, సెకను, పేజీ, ఏం చదివారు, ఏం ఉండాలి, అంతే. ఈమధ్య యంత్రం గొంతుతో చేసిన ఫైళ్లూ నా దగ్గరికి వస్తున్నాయి. అవి ‘లేకపోలేదు’ని మింగేయవు, అలసిపోవు. ఏం ఉండాలి అన్న కాలమ్ దాదాపు ఖాళీగానే ఉంటోంది. అరువు వాక్యాలను మాత్రం యంత్రం తన మాటలాగే చదివేస్తుంది. వాటి కోసం షీటులో కొత్త కాలమ్ గీశాను, పైన ‘ఎవరి మాట?’ అని రాసి. అదే నిండుతోంది ఎక్కువగా.