నా 8.9 ఎవరికి కావాలి?

ఐదో సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన రోజు హాస్టల్లో అందరూ పార్టీ అడిగారు. ఈసీఈలో సీజీపీఏ 8.9 మరి. సమోసాలు తెప్పించాను. అందరూ పడుకున్నాక ఫోన్లో నేను వెతికింది మాత్రం ప్లేస్‌మెంట్స్ గురించి కాదు, "బీటెక్ మార్కులతో ఎంబీబీఎస్ సీటు వస్తుందా" అని.

నవ్వకండి.

మాది అరకు దగ్గర కొండ మీద ఊరు. రోడ్డు కిందే ఆగిపోతుంది, అక్కణ్నుంచి మూడు కిలోమీటర్లు నడక. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా చిన్నమ్మకి నొప్పులొస్తే డోలీ కట్టి దించారు. కర్ర ముందు కొస నాన్న భుజం మీద, వెనక కొస మావయ్య భుజం మీద. టార్చి నా చేతిలో. వాన. చిన్నమ్మ బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ రాత్రే డాక్టర్ అవ్వాలనుకున్నానని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ఆ రాత్రి నాకు చలేసింది, నిద్రొచ్చింది, అంతే. కోరిక పుట్టింది మర్నాడు ఆసుపత్రిలో. చిన్నమ్మ మా ఆదివాసీ ఒడియాలో చెబుతోంది, నర్సుకి ఆ భాష రాదు. నేను మధ్యలో నిలబడి తెలుగులో చెప్పాను. కడుపునొప్పికి ఎన్ని రకాల మాటలుంటాయో, వాటిలో ఎన్నిటికి నాకు తెలుగు రాదో అప్పుడే తెలిసింది.

మరి ఎంపీసీ ఎందుకు తీసుకున్నావ్ అంటారా? పదిలో లెక్కల్లో ఎక్కువ మార్కులొచ్చాయి. "బైపీసీ అయితే నీట్ ఒక్కటే దారి, ఎంపీసీ అయితే నాలుగు దార్లు" అన్నారు సారు. ఆయన మంచికే చెప్పారు. నాన్న సంతకం పెట్టేశాడు. పదిహేనేళ్లప్పుడు ఫారంలో ఒక గడిలో పెట్టిన టిక్కు.

ఆ రాత్రి తెలిసిందేమిటంటే, మన దేశంలో ఎంబీబీఎస్ సీటుకి బీటెక్ మార్కులు ఎవరూ చూడరు. 8.9 అయినా 5.9 అయినా ఒకటే. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. 2017 నుంచి మన దగ్గర మెడికల్ సీట్లు నీట్ ర్యాంకుతోనే. ఇంటర్ మార్కులు గుమ్మం దాటడానికే పనికొస్తాయి: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం, మా ఎస్టీలకి 40. నాకు ఆ మూడోదే లేదు.

అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్న మన సీనియర్‌ని అడిగాను, అక్కడ డిగ్రీ తర్వాతే కదా మెడిసిన్ అని. ఆయన నవ్వి చెప్పాడు. అక్కడ మార్కులు చూస్తారు, బాగా చూస్తారు. కానీ డిగ్రీ జీపీఏ వేరుగా, పీజీ జీపీఏ వేరుగా లెక్కేస్తారట. ఎం.ఎస్.లో ఎంత మెరిసినా డిగ్రీలో పోయినవి తిరిగి రావు. ఇక్కడి బీటెక్ మార్కులనైతే ఆ లెక్కలోకే తీసుకోరు. పైగా చాలా కాలేజీలు విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవు. ఫీజు సంగతి నేను అడగలేదు.

ఒక్క సందు ఉంది. 2023 నవంబర్లో నేషనల్ మెడికల్ కమిషన్ నోటీసు ఇచ్చింది. ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినవాళ్లూ నీట్ రాయొచ్చు. జాతీయ ఓపెన్ స్కూల్లో ఆ ఒక్క సబ్జెక్టే కట్టుకోవచ్చు. 2022లోనే గరిష్ఠ వయసు కూడా తీసేశారు. అంటే తలుపు మూయలేదు. కానీ నీట్ 720 మార్కుల్లో 360 బయాలజీవే. నేను దాన్ని చివరిగా ముట్టుకున్నది పదో తరగతిలో. ఇంట్లో ఏమో కాఫీ గింజల డబ్బు వచ్చినప్పుడల్లా నాన్న "ఇంకెన్నాళ్లమ్మా, వచ్చే ఏడు ఉజ్జోగమే కదా" అంటాడు. ఏం చెప్పను? మా జిల్లాలో, పాడేరులో, 2024లో 50 సీట్లతో మెడికల్ కాలేజీ మొదలైందని ఆయనకి తెలుసు. సంతలో ఎవరో చెప్పారట. "మనోళ్ల పిల్లలు కూడా చేరతారట" అన్నాడు గర్వంగా. నేను ఊఁ కొట్టాను.

మొన్న శుక్రవారం అరకు సంతకి దిగినప్పుడు తమ్ముడు ఫోన్ చేశాడు. మా ఊళ్లో సిగ్నల్ ఉండదు. వాడిప్పుడు పదో తరగతి.

"అక్కా, లెక్కల సారు ఎంపీసీ రాయమంటున్నారు. రాసేనా?"

"నీకేం కావాలిరా?"

"తెలీదు."

నాకూ అప్పుడు తెలీదు. 2025-26 నుంచి మన ఇంటర్ బోర్డు ఎంబైపీసీ కూడా పెట్టింది, లెక్కలూ బయాలజీ రెండూ చదవొచ్చు. అది అరకు వైపు ఏ కాలేజీలో ఉందో కనుక్కుంటానన్నాను, శుక్రవారం దాకా ఏమీ రాయొద్దన్నాను.

"మరి నువ్వు డాక్టర్ చదువుతానన్నావు కదా?" అన్నాడు.

బస్సు హారన్ వినిపించింది, ఫోన్ కట్టయింది.

సోమవారం నుంచి మిడ్స్. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పుస్తకం కింద బైపీసీ జూనియర్ దగ్గర తెచ్చుకున్న జువాలజీ ఉంది. ఇప్పటికి పద్నాలుగు పేజీలయ్యాయి.