దినంలోని ఎనిమిదవ వంతు

దమ్మాయిగూడలో నివసించే ఒక గృహస్థుకు చర్లపల్లి పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపు ఉంది. పదకొండు మంది పనివారు, రెండు సీఎన్‌సీ యంత్రాలు, నాలుగు పాత లేత్‌లు. 1967లో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో ఈసీఐఎల్ ఆవిర్భవించిన తరువాత ఆ పరిసరాలలో కాలక్రమాన వెలసిన అనేక చిన్న కార్ఖానాలలో అదొకటి. ఆయన దైవభక్తి కలవాడు. కార్తిక సోమవారాలలో కీసరగుట్ట రామలింగేశ్వర స్వామి దర్శనం తప్పడు. రాహుకాలంలో చెక్కుపై సంతకం చేయడు, కొత్త పనికి అడ్వాన్సు పుచ్చుకోడు.

శ్రమించనివాడని ఆయనను ఎవరూ అనలేరు. కన్ను తెరవక ముందే చేయి ఫోను కోసం వెదికేది. ఆరు గంటలకే పనివారికి పిలుపులు, ఆపై వాట్సాప్ సందేశాలు, డ్రాయింగు మార్పులు, లారీవానితో వాదన. పదకొండింటికి అల్పాహారం, రాత్రి ఒంటిగంటకు నిద్ర. ఎవరు ముందుగా పిలిస్తే ఆ రోజు వారిది. లెక్కలు ఆడిటర్ గారు చూసుకుంటారని ఆయన ధీమా.

ఒక ఆషాఢంలో ఆ ధీమా చెదిరింది. ఒక పెద్ద కొనుగోలుదారు ఐదు నెలలుగా బిల్లులు చెల్లించలేదు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు పరిమితి నిండిపోయింది. 7వ తేదీన జీతాలివ్వడానికి ఇల్లాలి రెండు జతల గాజులు తాకట్టుకు వెళ్ళాయి. గాజులిస్తూ ఆమె అన్న మాట ఒక్కటే. "ఏమండీ, రాహుకాలం ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మనకు ఎవరు ఎంత ఇవ్వాలో అడిగితే మాత్రం ఆడిటర్ గారికి ఫోన్ చేస్తారు!"

ఆ ఇల్లాలు శాస్త్రం చదివినది కాదు. అయినా ఆమె మాటలో శాస్త్రమర్మం ఉంది. సూర్యోదయం నుండి అస్తమయం వరకు గల పగటిని ఎనిమిది సమభాగాలు చేస్తే, వారాన్ని బట్టి అందులో ఒక భాగం రాహుకాలం. ఆ ఎనిమిది భాగాల విభజనే కౌటిల్యుని అర్థశాస్త్రంలో మరొక ప్రయోజనంతో కనిపిస్తుంది. 1905లో మైసూరులో శామశాస్త్రి గారి చేతికి తాళపత్రాలుగా చిక్కి, 1909లో ముద్రణ పొందిన గ్రంథం అది. అందులో రాజు తన పగటిని, రాత్రిని నాళికలతో గాని, నీడ కొలతతో గాని ఎనిమిదేసి భాగాలుగా విభజించుకోవాలని విధి. నాళిక అంటే ఘడియ, 24 నిమిషాలు. ఒక్కొక్క భాగం మూడు ముప్పాతిక ఘడియలు, అనగా గంటన్నర. పగటి ప్రథమ భాగంలో రాజు వినవలసినవి రెండే: రక్షణ ఏర్పాట్లు, ఆదాయవ్యయాలు. ప్రజల మొర వినడం ద్వితీయ భాగంలో వస్తుంది. స్నానం, భోజనం, స్వాధ్యాయం తృతీయ భాగంలో. సామ్రాజ్యాధిపతికి సైతం లెక్కలు ముందు, సందర్శకులు తరువాత! పగటిలో వర్జించవలసిన ఎనిమిదవ వంతును లోకం పదిలంగా గుర్తుంచుకుంది, వినియోగించవలసిన ఎనిమిదవ వంతును మరచింది.

ఆ గృహస్థు మొదట చేసిన ప్రయత్నం ఉత్సాహవంతులందరూ చేసేదే. నాలుగింటికి లేవడం, ప్రాణాయామం, నడక, సహస్రనామం, లెక్కలు, రాత్రి ఫలాహారం, అన్నీ ఒకే సోమవారం ఆరంభించాడు. తొమ్మిదవ నాడు జ్వరం వచ్చింది. బ్రాహ్మీముహూర్తంలో లేస్తే ఐశ్వర్యం తథ్యమని ఊరించే పుస్తకాలు ఈనాడు కొల్లలు. అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయం ఆ విధిని స్వస్థుడైనవానికి, ఆయుర్రక్షణ కోసం చెప్పింది, ధనార్జన కోసం కాదు. ఒంటిగంటకు పడుకొని నాలుగింటికి లేచేవాడు నిద్రకు అప్పుపడతాడు. ఆ అప్పు కూడా వడ్డీతోనే తీరుతుంది.

పతంజలి సమాధిపాదంలో అభ్యాసం దృఢపడడానికి మూడు నియమాలు చెప్పాడు: దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడవది ఆదరభావం. చేసే పనిని దండనగా కాక గౌరవంగా చేయడం. ఆయనకు లెక్కల పుస్తకంపై ఉన్నది భయమే గాని ఆదరం కాదు. భయం ఉన్నచోట వాయిదా ఉంటుంది. సంకల్పం చెప్పుకునేటప్పుడు దేశం, సంవత్సరం, ఋతువు, మాసం, తిథి అన్నీ స్మరించి, చివరకు చేయబోయే కర్మను మాత్రం ఒక్కదానినే పేర్కొంటాము. తొమ్మిది రోజుల వ్రతభంగం తరువాత ఆయన కూడా ఒక్కదానికే పరిమితమయ్యాడు.

ఇల్లాలు ప్రతి ఉదయం ఆరింటికి దీపం వెలిగిస్తుంది. ముప్పై ఏళ్ళుగా తప్పని ఆ నియమానికి తన కొత్త నియమాన్ని ముడివేశాడు. దీపం వెలిగినది మొదలు ఏడున్నర వరకు ఫోను వంటింటి అలమరలో ఆమె అధీనంలో ఉంటుంది. ఆయన ముందు ఒక నోటుపుస్తకం. రావలసినది, ఇవ్వవలసినది, బిల్లు ఇచ్చి ఎన్ని రోజులైంది, మూడే గళ్ళు.

తొలి వారంలోనే తేలిన విషయం చేదుగా ఉంది. సరుకు వెళ్ళి మూడు నెలలైనా బిల్లే వ్రాయని పనులు రెండున్నాయి! చలానాలు సొరుగులో పడి ఉన్నాయి. బిల్లు వ్రాసిన వాటిపై మరొక భారం. కొనుగోలుదారు చెల్లించినా చెల్లించకున్నా జీఎస్టీ మాత్రం మరుసటి నెల 20వ తేదీలోగా తానే కట్టాలి. రాని సొమ్ముపై పన్ను కడుతూ, ఆ పన్నుకే అప్పు చేస్తూ వచ్చాడన్నమాట. 2006 నాటి సూక్ష్మ, లఘు, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం నమోదైన చిన్న పరిశ్రమకు కొనుగోలుదారు సరుకు స్వీకరించిన నాటి నుండి 45 రోజులలోపు చెల్లించాలి. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఈ చట్టం ఆయనకు తెలియనిది కాదు. ఏ సరుకు ఏ రోజున స్వీకరింపబడిందో చెప్పగల పుస్తకం లేక, తెలిసిన చట్టం నిరుపయోగమైంది. నలభై రోజులు దాటిన ప్రతి బిల్లుకు ఇప్పుడు సవినయమైన ఉత్తరం ఒకటి వెళుతుంది. బాకీదారు సగం చెల్లించాడు. తక్కిన సగం ఇంకా రావలసి ఉంది.

ప్రాతఃకాలాన్ని ధనచింతకు వెచ్చించడం అపచారం కాదా అని సాధకులకు తోచవచ్చు. గృహస్థునికి అర్థం పురుషార్థమే. పదకొండు కుటుంబాల అన్నం ఆ పుస్తకంలో ఉన్నప్పుడు దానిని తెరవకుండా జపమాల తిప్పడంలోనే కొంత పలాయనం ఉంది.

నియమం నిరాఘాటంగా సాగలేదు. మహాశివరాత్రికి కీసర జాతరలో మూడు రోజులు, మేనకోడలి వివాహానికి ఐదు రోజులు తప్పింది. మళ్ళీ దీపంతోపాటు కూర్చున్నాడు. ఒక జత గాజులు ఇంటికి వచ్చాయి, రెండవ జత బ్యాంకులోనే ఉంది. ఈ మార్పును అందరికన్నా ముందు గమనించినవాడు సీనియర్ టర్నర్. యజమాని పిలుపుతో తెల్లవారే అలవాటు అతనికి పన్నెండేళ్ళది. ఆ పిలుపులు ఆగిన తొలి వారం తనను పనిలోనుంచి తీసివేస్తారేమోనని భయపడ్డాడట. ఇప్పుడు ఉదయం కూతురిని తానే బడికి దింపి, వర్క్‌షాపుకు వస్తున్నాడు.