ఏం లేదులే అత్తయ్యా

మా అత్తయ్యకి డెబ్భై ఎనిమిదేళ్లు. వినికిడి తగ్గి ఆరేళ్లయింది. చెవి మిషన్ కొన్నాం. అది పెట్టుకుంటే మాట కంటే ముందు ఫ్యాను హోరు, కుక్కర్ కూత, గిన్నెల చప్పుడు చెవిలో పడతాయట. "తల పగిలిపోతోందమ్మాయ్" అని తీసి డబ్బాలో పెట్టేశారు. ఇక రోజూ టీవీ సౌండు దగ్గరే గొడవ. ఆవిడకి వినపడేలా పెడితే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు. తగ్గిస్తే ఆవిడ ఉత్త బొమ్మలు చూస్తూ కూర్చోవాలి.

రాత్రి భోజనాలప్పుడు మేం నలుగురం ఏదో కామెడీ సీను చూసి పగలబడి నవ్వుతాం. "ఏమన్నాడే?" అని అడుగుతారావిడ. అప్పటికే ఇంకో జోకు వచ్చేస్తుంటుంది. "ఏం లేదులే అత్తయ్యా" అనేసేదాన్ని. నన్ను చూసి పిల్లలూ అదే నేర్చుకున్నారు. "ఏం లేదులే నానమ్మా." కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేశారు. మేం నవ్వితే మా మొహాలు చూసి తనూ ఓ చిన్న నవ్వు నవ్వేవారు. అది ఎలాంటి నవ్వో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పోయిన వేసవిలో ఓ మధ్యాహ్నం మా చిన్నాడు యూట్యూబ్‌లో పాత మూకీ సినిమా పెట్టాడు. అత్తయ్యా నేనూ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. సినిమా పేరు 'వన్ వీక్'. బస్టర్ కీటన్ 1920లో తీసింది. అరగంట కూడా ఉండదు. కొత్త జంటకి పెళ్లి కానుకగా ఇల్లు వస్తుంది. ఇల్లంటే పెట్టెల్లో చెక్క ముక్కలు! వాటి మీదున్న అంకెల ప్రకారం బిగించుకోవాలి. ఆ పిల్లని చేసుకుందామనుకుని భంగపడ్డవాడు ఆ అంకెలు మార్చేస్తాడు. ఇంకేముంది, ఇల్లు అష్టవంకర్లు. మేడ మీద తలుపు తీసి అడుగేస్తే కింద పడడమే. గృహప్రవేశం రోజు గాలివానకి, వచ్చిన చుట్టాలతో సహా ఇల్లు బొంగరంలా తిరుగుతుంది.

తీరా చూస్తే కట్టింది వేరేవాళ్ల స్థలంలో. ఇంటిని లాక్కుపోతుంటే రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలొస్తోంది. అత్తయ్య కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి రైలు పక్క పట్టాల మీంచి వెళ్లిపోయింది. "అమ్మయ్య!" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపు అటునుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని నుజ్జు చేసేసింది. ఆవిడ "అయ్యో!" అని, వెంటనే నవ్వడం మొదలుపెట్టారు. మా అందరికంటే ముందు, మా మొహాలు చూడకుండా. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ మొగుడూ పెళ్లాం అక్కడ అమ్మకానికి బోర్డు పెట్టి, చేయీ చేయీ పట్టుకుని వెళ్లిపోతారు. అప్పుడు అత్తయ్య అన్నారు: "మీ మావయ్య కట్టించిన మొదటింట్లో వంటింటి తలుపు కూడా మేస్త్రి ఇలాగే తిరగేసి పెట్టాడు. తెరిచినప్పుడల్లా వెళ్లి పొయ్యికి కొట్టుకునేది." నేను ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్లు. ఆ తలుపు సంగతి వినడం అదే మొదటిసారి.

అప్పట్నుంచి రోజూ రెండు గంటలకి మాకో ఆట. మీరూ చూడాలనుకుంటే నాలుగు చెబుతాను.

కీటన్‌దే 'ది స్కేర్‌క్రో' (1920) ఆడవాళ్లు తప్పకుండా చూడాలి. ఇద్దరు మగాళ్లు, ఒకటే గది. ఉప్పూ కారాలు పైకప్పు నుంచి తాళ్లకి వేలాడుతుంటాయి. కంచాలు బల్లకే బిగించి ఉంటాయి, తినగానే బల్లమొత్తం గోడకి నిలబెట్టి నీళ్లు కొట్టెయ్యడమే. అంట్లు తోమే పని లేదు. ఆ బల్లని తిప్పి తగిలిస్తే వెనక, అమ్మ లేని ఇల్లు ఇల్లేనా అన్న అర్థంతో ఓ బోర్డు!

చాప్లిన్ 'వన్ ఏ.ఎం.' (1916)లో తాగి ఇంటికొచ్చిన పెద్దమనిషి మేడెక్కి మంచం మీద పడుకోవడానికి పడే పాట్లే కథంతా. టాక్సీవాడు తప్ప ఇంకో మనిషుండడు. "వీడికి పెళ్లాం లేకపోబట్టి సరిపోయింది" అన్నారు అత్తయ్య. 'ది పాన్‌షాప్' (1916)లో కుదువ పెట్టడానికి తెచ్చిన అలారం గడియారాన్ని చాప్లిన్ డాక్టరులా పరీక్షించి, డబ్బా మూత కోసినట్టు కోసి, ముక్కలన్నీ ఆ మనిషి టోపీలో పోసి పంపేస్తాడు. లారెల్, హార్డీల 'బిగ్ బిజినెస్' (1929) అచ్చం మా ఊళ్లో గట్టు తగాదాయే. క్రిస్మస్ చెట్లు అమ్మడానికి వచ్చి, వీళ్లు ఆ ఇంటిని, ఇంటాయన వీళ్ల కారుని పీకి పందిరేస్తారు.

బొమ్మలు మరీ గబగబా పరిగెత్తే కాపీలు వద్దు, బాగుచేసినవి చూసుకోండి. ఆ కాలం సినిమాలు కొన్నిట్లో నల్లవాళ్లని వెక్కిరించే హాస్యం ఉంటుంది. పిల్లలతో అయితే ముందు మీరొకసారి చూడండి.

అప్పట్లో అమెరికా హాళ్లలో ఇంగ్లీషు రాని వలసవాళ్లు ఎందరో కూర్చుని ఇవి చూసేవారట. వందేళ్ల తరవాత మా అత్తయ్యకీ అలాగే అందాయి. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అట్టలు చదివి చెప్పబోతే, "వద్దులే, వాడి చేతులు చెబుతున్నాయిగా" అంటారు.

దీంతో అన్నీ తీరిపోలేదు. రాత్రి టీవీ గొడవ అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు ఆవిడ మళ్లీ "ఏమన్నాడే?" అని అడుగుతున్నారు. నేను రిమోట్‌తో బొమ్మ ఆపి, ఆవిడ వైపు తిరిగి, నిదానంగా చెబుతున్నాను. సగం జోకులు అలా చెబితే చప్పబడిపోతాయి. అయినా చెబుతున్నాను.

మొన్నాదివారం మేమిద్దరం 'బిగ్ బిజినెస్' మళ్లీ చూసి నవ్వుతుంటే, మా ఆయన నిద్ర లేచొచ్చి "ఏమైందమ్మా?" అన్నారు. మాట వినపడకపోయినా ఆవిడకి మొహం చూసి అర్థమైంది. "ఏం లేదులేరా" అన్నారు.

నా నవ్వు ఆగిపోయింది. ఆయన వెనక్కి తిరగబోతుంటే అత్తయ్యే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, కథ మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టారు.