సీసా పట్టుకురండి

ఆవిడ నా గదిలోకి మామూలుగా నడిచే వచ్చారు. కుంటడం లేదు, తూలడం లేదు. వెంట వచ్చిన కోడలు చీటీ అందించింది. మోకాళ్ళ అరుగుదల, ఫిజియోథెరపీ అని రాసి ఉంది. రాజమండ్రిలో ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటి చీటీలు రోజూ చూస్తాను. మోకాళ్ళకు వేడి కాపడం, తొడలకు వ్యాయామం మొదలుపెట్టాను. పది రోజులైనా మార్పు లేదు.

పదకొండో రోజున ఆవిడే చెప్పారు. "నడవమంటే ఎంత దూరమైనా నడుస్తానమ్మా. కింద కూర్చుంటేనే లేవలేను. మొన్న కార్తీకంలో పుష్కర్ ఘాట్‌లో మెట్లు దిగి మునిగాను. పైకి ఎక్కలేక నీళ్ళలోనే నిలబడిపోయాను. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని పైకి తెచ్చారు."

"నొప్పి వల్లనా?"

"నొప్పేం లేదు. తొడల్లో సత్తువ లేదు, అంతే."

ఈ మాట మొదటి రోజే అడిగి రాబట్టవలసింది నేను. చీటీ చదివి మోకాళ్ళు చూశాను గాని, కూర్చుని లేచి చూపించమనలేదు. ఆ పది రోజులు ఆవిడకు నా వల్ల పోయాయి.

చాప మీద కూర్చోబెట్టి లేవమన్నాను. మోకాళ్ళు అరిగినవాళ్ళు లేచేటప్పుడు ముందు మొహం ముడుచుకుంటుంది, బరువు నొప్పి లేని కాలి మీదకు జారుతుంది. ఈవిడ మొహంలో బాధ లేదు. ముందుకు వంగి అరచేతులు నేలకు ఆనించారు. నడుము ఎత్తారు. తరవాత చేతులు మోకాళ్ళ మీదికి, అక్కణ్ణించి తొడల మీదికి తెచ్చుకుంటూ, తన ఒంటినే పట్టుకుని తను ఎక్కుతున్నట్టు నిలబడ్డారు. తుంటి చుట్టూ ఉన్న పెద్ద కండరాలు నీరసించినవాళ్ళు ఇలా లేస్తారు. సమతలం మీద నడవడానికి ఆ కండరాల బలం అంతగా అక్కర్లేదు, అందుకే నడక చూసి నేను పోల్చుకోలేకపోయాను.

"జడ వేసుకోగలరా?" అని అడిగితే కోడలు జవాబిచ్చింది. "నాలుగు నెలల నుంచీ నేనే వేస్తున్నానండీ. చేతులు పైకెత్తి ఉంచలేకపోతున్నారు."

భుజాలూ తుంటీ రెండూ కలిసి నీరసిస్తే కీళ్ళను అనుమానించి లాభం లేదు. చాచిన చేతివేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. నాడి నిమిషానికి నూరు దాటింది. మందులేం వాడుతున్నారంటే, "థైరాయిడ్ బిళ్ళ ఒక్కటేనమ్మా" అన్నారు. సీసా పట్టుకురమ్మన్నాను.

మర్నాడు రెండు సీసాలు వచ్చాయి. ఒకదాని మీద 75, రెండోదాని మీద 100. మొదట్లో 75 మైక్రోగ్రాముల బిళ్ళ వాడేవారు. ఎనిమిది నెలల కిందట డాక్టరుగారు దాన్ని 100 చేశారు. పాతది ఆపేయాలని ఈవిడకు విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. పాత చీటీతో పాతదీ, కొత్త చీటీతో కొత్తదీ కొనుక్కుంటూ, రోజూ తెల్లవారుజామున పరగడుపున రెండూ వేసుకున్నారు. వెరసి 175. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. అంత చిన్న కొలతల్లో ఇచ్చే మందు ఇంచుమించు రెట్టింపైతే ఒళ్ళు ఊరుకోదు. ఆవిడ తెలుగు పత్రిక ఆసాంతం చదువుతారు, కానీ సీసా మీద ఉన్నదంతా ఇంగ్లీషే. ఈ మధ్య ఎనిమిది కిలోలు తగ్గితే చుట్టాలంతా మెచ్చుకున్నారట.

థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే శరీరం తన కండరాన్నే కరిగించుకుంటుంది. తుంటి, భుజాల కండరాలు ముందు దెబ్బతింటాయి. గుండె లయ తప్పవచ్చు. ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఎముకలు కూడా పలచబడతాయి. లేవలేని మనిషి ఒకరోజు పడితే, అలాంటి ఎముక తుంటి దగ్గర విరగవచ్చు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

మోతాదు మార్చడం నా పని కాదు. చూసిందంతా కాగితం మీద పెట్టి డాక్టరుగారి దగ్గరికి పంపాను. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే అణిగిపోయే టి.ఎస్.హెచ్., రక్తపరీక్షలో దాదాపు లేనట్టే వచ్చింది. ఆయన మోతాదు సరిచేశారు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకే మళ్ళీ పరీక్షకు ఆరు వారాలు ఆగమన్నారు.

ఈ సంగతి బంధువుల్లో పాకింది. థైరాయిడ్ బిళ్ళ కాళ్ళు పడగొడుతుందని విని, వాళ్ళ వీధిలోనే ఒకావిడ తన బిళ్ళ మానేసింది. మూడు నెలలకు ఆవిడా నా దగ్గరికే వచ్చింది. పిక్కలు పట్టేస్తున్నాయి, అడుగు బరువుగా పడుతోంది, గొంతు బొంగురుపోయింది. కుర్చీ మీద మోకాళ్ళపై నిలబెట్టి మడమ వెనక స్నాయువు మీద చిన్న సుత్తితో తట్టాను. పాదం కదిలింది గాని, వెనక్కి రావడానికి బద్ధకించినట్టు మెల్లగా వచ్చింది. హార్మోను తక్కువైనవాళ్ళలో కనిపించే గుర్తు ఇది. మందు ఎక్కువై ఒకరికీ, మందు లేక ఒకరికీ ఇబ్బంది కాళ్ళలోనే తేలింది. ఆవిణ్ణి ఆరోజే డాక్టరు దగ్గరికి పంపించాను.

థైరాయిడ్ మందు మన ఒంట్లో తయారయ్యే హార్మోనే, బిళ్ళ రూపంలో. 1891లో ఇంగ్లండులో న్యూకాసిల్ డాక్టరు జార్జ్ మర్రే, గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒక రోగికి సూదితో ఎక్కించాడు. థైరాయిడ్ లోపంతో ఒళ్ళంతా ఉబ్బి మందగించిన ఆ స్త్రీ తేరుకుని, ఆ మందుతోనే మరో ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది. మన దగ్గరా ఎంతోమంది ఈ బిళ్ళ వల్లే తిరగగలుగుతున్నారు. అందుకే ఎవరైనా సొంతంగా మానేశారంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అలాగని, మందుతో కాళ్ళు లాగుతున్నాయనే మనిషిని కసరుకోకూడదు. మందు మీద అనుమానాన్ని రోగులు కూడా నమోదు చేయించవచ్చు. ఘజియాబాద్ కేంద్రంగా దేశమంతటికీ ఒక వ్యవస్థ ఉంది, 1800-180-3024కి ఫోన్ చేస్తే చాలు. నమోదైనంత మాత్రాన మందు దోషమని తేలినట్టు కాదు, తేల్చడానికి అది మొదటి మెట్టు.

మొదటావిడకు ఎత్తు కుర్చీతో మొదలుపెట్టాను, చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం. వారం వారం కుర్చీ మీద దిండ్లు ఒక్కొక్కటే తీస్తూ వచ్చాను. అయిదో నెలలో ఒక చెయ్యి మాత్రం ఆనించి చాప మీద నుంచి లేచారు. జడ తనే వేసుకుని వచ్చారు ఆ రోజు.

వెళ్ళబోతుంటే, ఆ పాత సీసా ఏం చేశారని అడిగాను. ఇంకా సగం బిళ్ళలున్నాయని, పారెయ్యబుద్ధి కాక బీరువాలో దాచారట. రేపు వచ్చేటప్పుడు పట్టుకురమ్మన్నాను.