టగ్గు కోసం ఎదురుచూపు

బార్సిలోనా రేవులో ఓడ ఎక్కగానే పిల్లలు నీళ్ల జారుడుబల్లల వైపు పరుగెత్తారు. మా ఆయన బఫే వెతుక్కుంటూ వెళ్లాడు. అమ్మ, కాళ్లు లాగుతున్నాయని గదిలో పడుకుంది. నాన్న ఒక్కడూ ఏడో డెక్కు రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం ఆరవుతోంది. గట్టు మీద ఇద్దరు మనుషులు ఇనప గుంజలకు తగిలించిన మోకుల్ని ఒక్కొక్కటే తప్పించి నీళ్లలోకి వదులుతున్నారు.

“టగ్గులేవే? ఇంకా రాలేదేటి?” అన్నాడు నాన్న.

పెద్ద ఓడల్ని లాగే ఆ చిన్న పడవలు రాలేదు, వచ్చే సూచనా లేదు. అంత పెద్ద ఓడా అడ్డంగా పక్కకి జరిగి, ఉన్నచోటే తిరిగి, ముక్కు సముద్రం వైపు పెట్టింది. ముక్కు దగ్గర నీటి అడుగున అడ్డంగా బిగించిన పంకాలు, వెనక ఎటు కావాలంటే అటు తిరిగే పంకాలు ఆ పని చేస్తాయని నాన్నకి తెలియక కాదు. విశాఖ పోర్టులో 30 ఏళ్లు టగ్గుల మీద పనిచేసి సరంగుగా రిటైరైన మనిషి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలవలోంచి ఎన్ని ఓడల్ని లోపలి హార్బరుకి చేర్చాడో లెక్కలేదు. ఒక్కదాంట్లోనూ ప్రయాణం చెయ్యలేదు. అందుకే, వేసవికి అమ్మతో కలిసి మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఈ వారం రోజుల టికెట్లు కొన్నాం.

“మన అవసరం లేదన్నమాట,” అనేసి టీకి వచ్చాడు.

ప్రయాణికులమే దాదాపు 5 వేల మందిమి. ఓడ బరువు లక్షా 70 వేల టన్నులని మా ఆయన పిల్లలకి చెబుతుంటే, “అది బరువు కాదు బాబూ, లోపల చోటెంతుందో చెప్పే లెక్క,” అని నాన్న సరిదిద్దాడు. అల్లుడుగారు ఆ పూటకి ఇంక ఓడ గురించి మాట్లాడలేదు.

నన్నడిగితే, ఆ ఓడ కట్టినవాళ్లు సముద్రాన్ని మరిపించడానికే కట్టారు. నడిమధ్య బజారు వీధి, దాని చివర థియేటరు, ఆ పైన క్యాసినో. ఒడ్డున ఉన్నంతసేపూ క్యాసినోకి తాళం, సముద్రంలోకి రాగానే జనం. మేం చవకని తీసుకున్న గదులకి కిటికీలు లేవు. లైటార్పితే తెల్లారిందో లేదో చెప్పడానికి వాచీయే దిక్కు. తిండికి కొదవలేదు గాని మంచినీళ్ల సీసాకి డబ్బు, ఇంటర్నెట్‌కి డబ్బు, సేవ చేసినందుకని తలకి రోజుకింత. చివరి రోజు బిల్లు చూసి మా ఆయన చాలాసేపు కూడికలు చేశాడు.

మొదటి రోజు ప్రమాద హెచ్చరిక విన్యాసం ఉంటుంది. ఇప్పుడు దాన్ని సులువు చేశారు. ఫోన్లో వీడియో చూసి, మనకి కేటాయించిన చోటికి వెళ్లి కార్డు గీయిస్తే చాలు. నాన్నకి అది చాల్లేదు. గది నుంచి ఆ చోటుకి పిల్లల్ని మెట్ల మీదుగా రెండుసార్లు నడిపించాడు, లిఫ్టు లేదనుకోమని. కారణం ఉంది. 2012 జనవరి 13న ఇటలీలో జిల్యో ద్వీపం దగ్గర కోస్తా కంకార్డియా అనే ఓడ రాతికి తగిలి ఒరిగిపోతే 32 మంది పోయారు. ఆ సాయంత్రం చివిటావెక్యా రేవులో ఎక్కినవాళ్లకి అప్పటికింకా విన్యాసమే చేయించలేదు. ఆ తర్వాతే, ఓడ కదిలేముందో కదిలిన వెంటనేనో చేయించి తీరాలని రూలు మార్చారు. “ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఏటి చెప్పాను?” అని పిల్లలచేత అప్పజెప్పించుకుని గాని నాన్న వదల్లేదు.

నేపుల్స్‌లో దిగాక ఇల్లు రెండుగా చీలింది. పిల్లలూ వాళ్ల నాన్నా పాంపే శిథిలాలు చూడ్డానికి వెళ్లారు. అంత ఎండలో అమ్మ నడవలేదని మేం ముగ్గురం రేవు ఎదురుగా మెట్రో ఎక్కి పురావస్తు మ్యూజియం దగ్గర దిగాం. అక్కడ రహస్యపు గది అనేది ఒకటుంది. పాంపేలో దొరికిన శృంగార శిల్పాలూ చిత్రాలూ ఒకప్పుడు తాళం వేసి దాచినవి. నేను చూడాలనుకున్న బొమ్మ అందులోనే ఉంది. 1938లో పాంపేలో ఒక ఇంట్లో బయటపడిన మన దేశపు దంతపు బొమ్మ. జానెడు కంటే కాస్త ఎత్తు. మెడనిండా హారాలు, కాళ్లకి మోకాళ్ల దాకా కడియాలు, అటూ ఇటూ చెలికత్తెలు. బట్ట మాత్రం లేదు. లక్ష్మి అని పేరు పడింది గాని యక్షి అని చాలామంది పండితుల మాట. ఇలాంటివే శాతవాహనులేలిన దక్కనులో భోకర్దన్‌లోనూ దొరికాయి.

“లక్ష్మీదేవిని ఇట్టాంటి గదిలోనా పెట్టేది!” అని అమ్మ కొంగు సర్దుకుని బయటికి నడిచింది. నాన్న అద్దానికి ముక్కానించి చూస్తూ ఉండిపోయాడు. ఆయన సందేహం వేరు.

“ఏ రేవులో దిగుంటాదే ఇది?”

ఆ బొమ్మ వచ్చిన దారి ఎవరూ రాసిపెట్టలేదు. సరుకు వచ్చే దారి మాత్రం తెలుసు. రుతుపవనాల గాలి మీద మన రేవులకి వచ్చిపోయే ఓడలు ఎర్రసముద్రం చేరేవి. అక్కడినుంచి ఒంటెల మీద నైలు నదికి, నది మీద అలెగ్జాండ్రియాకి, మళ్లీ ఓడలో ఇటలీకి. నేపుల్స్ పక్కనే ఉన్న పొజ్జువోలి ఆ రోజుల్లో తూర్పు సరుకు దిగే పెద్ద రేవు. అది చెబితే నాన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు. “ఎన్ని చేతులు మారుంటాదో. ఒక్కడూ జారవిడవలేదు చూడు.” క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపేని బూడిద కప్పేసినా అది నిలిచిన సంగతి ఆయనకి పెద్దగా అనిపించినట్టు లేదు.

చివిటావెక్యాలో దిగి రైల్లో రోమ్ వెళ్లొచ్చాం. ఐదు గంటల్లో రోమ్ చూడటం వద్దు. ఎవరైనా వెళ్తానంటే ఆపండి. జెనోవాలో 1543లో కట్టిన లైట్‌హౌసు నాన్నకి నచ్చింది.

ఈలోగా అమ్మ తన ఏర్పాట్లు తను చేసుకుంది. పొద్దున బఫేలో చక్కెర లేని పెరుగు కప్పులు మూడు తెచ్చుకుని, సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, ఉప్పు పొట్లం చింపి పోసి, చెంచాతో గిరగిరా చిలికేది. రెండో రోజు నుంచి అక్కడ పనిచేసే గోవా కుర్రాడు, అడక్కుండానే ఐసు లేని నీళ్లు తెచ్చి పెట్టేవాడు. తొమ్మిది నెలల కాంట్రాక్టట. ఇంకా నాలుగు మిగిలాయన్నాడు.

మార్సేలో మిస్ట్రాల్ గాలి మొదలైంది. రోన్ నది లోయ వెంట దిగి వచ్చే వాయవ్యపు గాలి, టోపీ కాదు కళ్లజోడే నిలవదు. డెక్కులన్నీ ఖాళీ అయిపోయాయి. బయల్దేరాల్సిన వేళ దాటి అరగంటైంది. మా చిన్నాడు గదికి పరుగెత్తుకొచ్చాడు. “తాతయ్య అందర్నీ రమ్మంటున్నారు. టగ్గొచ్చిందంట!”

వారంలో మొదటిసారి ఆరుగురం ఒక్కచోట నిలబడ్డాం. అంత ఎత్తు ఓడకి గాలి తగిలితే తెరచాపకి తగిలినట్టే, గట్టుకేసి నొక్కేస్తోంది. కింద బొమ్మలా కనిపిస్తున్న టగ్గు, మోకు అందుకుని వెనక్కి జరుగుతోంది. మోకు నీళ్లలోంచి లేచి, నీళ్లు పిండుకుంటూ బిగిసింది. నాన్న కుడిచెయ్యి రెయిలింగు మీద ముందుకీ వెనక్కీ కదులుతోంది.

“లూజివ్వు... లూజివ్వు... ఆఁ, ఇప్పుడు లాగు.”

గట్టుకీ ఓడకీ మధ్య బెత్తెడు నీళ్లు కనబడ్డాయి. అమ్మ మజ్జిగ గ్లాసు అందించింది.

“ఆగవే,” అన్నాడు, తల తిప్పకుండా.