అంజీరుకీ ఓ డెడ్‌లైన్

సూర్యాపేట కిరాణా కొట్లలో తాడుకి గుచ్చిన ఎండు అంజీరు దండలే తప్ప, పచ్చి కాయ చెట్టు మీద ఎలా ఉంటుందో మా కోదాడ వైపు చాలామందికి తెలియదు. దాని చుట్టం మేడిచెట్టు మాత్రం బాగా తెలుసు. మేడికి ఎవరూ నీళ్ళు పొయ్యరు, మొదట్నుంచీ గుత్తులు గుత్తులుగా అదే కాసేస్తుంది. షికాగో శివార్లలో కుండీలో పెట్టిన అంజీరు కూడా కాయడం వరకు బాగానే కాస్తుంది. పండించడమే కష్టం.

పురుగు లోపలికి దూరితేనే పండుతుందని కొందరంటారు. మేడి విషయంలో పరాగసంపర్కం నిజంగానే చిన్న కందిరీగల పని. ఇళ్ళలో పెంచే మామూలు అంజీరుకి ఆ కందిరీగ అక్కర్లేదు. ఇక్కడ అసలు అడ్డం చలి. కొత్త కొమ్మ మీద కాయ కనిపించాక పండడానికి రెండున్నర, మూడు నెలలు కావాలి. మొదట గబగబా పెరుగుతుంది, తర్వాత వారాల తరబడి అక్కడే ఆగిపోతుంది (మన ప్రాజెక్టులు 90 శాతం దగ్గర ఆగినట్టు అన్నమాట), చివర్లో నాలుగైదు రోజుల్లో ఉబ్బి మెత్తబడుతుంది. అక్టోబరులో గడ్డకట్టే చలి ముందే వచ్చిందా, ఇక రిలీజ్ లేనట్టే. పచ్చిగా కోసి బియ్యం డబ్బాలో పెడితే మామిడిలా మాగదు మరి.

చలికాలం సంగతి తేలికే. ఆకులు రాలాక కుండీని గరాజ్‌లో పెట్టి అప్పుడప్పుడు కాసిని నీళ్ళు. న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఇటలీ నుంచి వచ్చిన పాతతరం వాళ్ళు చెట్టునే వంచి గోతిలో పూడ్చేసేవాళ్ళు! మార్చిలో ఇంట్లోకి తెచ్చి నిద్రలేపితే కొన్ని వారాలు కలిసొస్తాయి.

ఈ ఏడాది అమ్మా నాన్నా ఏప్రిల్‌లో వచ్చారు. ఆరునెలల స్టాంపు. "ఇగ మళ్ళ విమానం ఎక్కుడు నాతోని గాదు" అని మోకాళ్ళు పట్టుకుని నాన్న వచ్చిన రోజే తేల్చేశాడు. సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండించి మిర్యాలగూడ మిల్లులకి వడ్లు తోలిన మనిషి, డెక్ మీద ఒక్క కుండీతో కాలక్షేపం చేశాడు. జూన్ చివర్లో ఓ రోజు, "పత్తికి తలలు తుంచుతం గదరా, దీనికి తుంచితే ఏమైతది?" అన్నాడు. అంజీరుకీ అదే వైద్యం. కొమ్మకి ఐదారు ఆకులు రాగానే చిగురు గిల్లేస్తే బలం పొడుగుకి కాకుండా కాయకి పోతుంది. మరీ ఆలస్యంగా గిల్లితే ఆ వచ్చే కాయలకి టైం చాలదు. నత్రజని ఎరువు ఆపమన్నది కూడా ఆయనే.

మధ్యధరా దేశాల పాత చిట్కా ఇంకోటుంది. ఆగిపోయిన దశ చివర్లో, కాయ కొసన ఉండే కన్నం మీద ఒక చుక్క ఆలివ్ నూనె. ఇథిలీన్ పుట్టి పండడం కొన్ని రోజులు ముందుకొస్తుంది. "కార్బైడ్ పెట్టిన మామిడి లెక్కనే గదా" అని నాన్న ఒప్పుకోలేదు. బతిమాలితే నాలుగింటికి పెట్టనిచ్చాడు.

వాళ్ళ ఫ్లైట్ అక్టోబరు 4న. మొత్తం పదకొండు కాయలు. నిన్నటికి నూనె పెట్టినవాటిలో రెండిటి మెడలు వంగాయి, మిగతావి ఇంకా రాళ్ళే. నాన్న సూట్‌కేసు సర్దడం మధ్యలో వదిలేసి మాటిమాటికీ వెళ్ళి నొక్కి చూస్తున్నాడు. నొక్కొద్దని అమ్మ కేకలు.