లెక్క కట్టి పిలిచే టోర్నమెంటు

వాల్తమ్, మసాచుసెట్స్
ఏప్రిల్ 20, 2025

పూజ్యులు మాస్టారు గారికి,

ఇక్కడ మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు అందరం కులాసా. అమెరికాలో చూసిన వింతలు రాయమన్నారు. నయాగరా గురించీ, న్యూయార్కు మేడల గురించీ మీకు రాసేవాళ్ళు కాకినాడలో ఇంటికొకరున్నారు. అందుకని నేను మీ శాఖకు చెందిన వింతే రాస్తాను. జీవితమంతా మెడలో విజిల్ వేసుకుని, ఎవరిని జట్టులోకి తీసుకోవాలి, ఎవరిని వెనక్కి పంపాలి అని తర్జనభర్జన పడ్డ మనిషి మీరు. ఇది మీకే బాగా రుచిస్తుంది.

ఇక్కడి కాలేజీల ఐస్ హాకీలో ఏటా మార్చి చివర జాతీయ టోర్నమెంటు జరుగుతుంది. మొదటి తరగతిలో ఆడే కాలేజీలు అరవైకి పైగా ఉంటే, పిలుపు అందేది పదహారింటికే. ఆ పిలుపు ఎవరికి వెళ్ళాలో తేల్చడానికి సెలెక్టర్ల చూపు, అనుభవం, మొహమాటం, సిఫార్సు ఏవీ అక్కర్లేదు. ఒక లెక్క ఉంది. ఆ లెక్క సూత్రం సీజను మొదలయ్యే ముందే అందరికీ తెలుసు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఏ ఆట ఎలా ముగిసిందో తెలిసినవాడు ఎవడైనా పెన్సిలూ కాగితమూ పట్టుకుని కూర్చుంటే టోర్నమెంటు కమిటీ ప్రకటించబోయే పేర్లు తనే రాసేయగలడు. రాసేస్తున్నారు కూడా. ఆదివారం నాడు టీవీలో జట్ల పేర్లు చదువుతుంటే, వింటున్నవాళ్ళలో సగం మందికి ఆ పేర్లు శనివారం రాత్రే తెలిసిపోయి ఉంటాయి.

ఆట సంగతి నాలుగు మాటల్లో చెప్పేస్తాను. మన హాకీలో పదకొండుగురు, ఇక్కడ గోలీతో కలిపి ఆరుగురు. బంతి బదులు నల్లటి రబ్బరు బిళ్ళ, దాన్ని పక్ అంటారు. ఇరవై నిమిషాల భాగాలు మూడు. ఒంటి నిండా కవచాలు, కాళ్ళకు స్కేట్లు. గోడకేసి మనిషిని గుద్దడం కూడా ఆటలో భాగమే. బయట మంచు, లోపల మంచు. ప్రేక్షకులు కోట్లు విప్పకుండానే కూర్చుంటారు. కాలేజీ బ్యాండు మోగుతూనే ఉంటుంది.

ఇక ఎంపిక. పదహారు స్థానాల్లో ఆరింటికి లెక్కతో పని లేదు. ఈ కాలేజీలు ఆరు కాన్ఫరెన్సులుగా విడిపోయి ఆడతాయి. హాకీ ఈస్ట్, ఈసీఏసీ, బిగ్ టెన్, ఎన్‌సీహెచ్‌సీ, సీసీహెచ్ఏ, అట్లాంటిక్ హాకీ అమెరికా. ప్రతి కాన్ఫరెన్సూ మార్చిలో సొంత టోర్నమెంటు పెట్టుకుంటుంది. అందులో గెలిచిన జట్టు, ఏడాదంతా ఎంత నాసిగా ఆడినా సరే, నేరుగా జాతీయ టోర్నమెంటుకు వెళుతుంది. మిగిలిన పది స్థానాలకే లెక్క. వీటిని అట్-లార్జ్ స్థానాలంటారు.

ఈ 2024-25 సీజనులో ఆ లెక్కకు పునాది ఆర్పీఐ అనే అంకె. అందులో జట్టు సొంత గెలుపుల శాతానికి 25 పాళ్ళు. అది ఎదుర్కొన్న జట్ల గెలుపుల శాతానికి 21 పాళ్ళు. ఆ జట్లు ఎదుర్కొన్న జట్ల గెలుపుల శాతానికి ఏకంగా 54 పాళ్ళు! సంబంధం చూడ్డానికి వెళ్ళి పిల్లవాడి గురించి పావలా వంతు అడిగి, మిగతా ముప్పావలా వాళ్ళ మేనమామల గురించీ, ఆ మేనమామల వియ్యంకుల గురించీ వాకబు చేసినట్టుంటుంది. మొదట విని నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అందులో న్యాయం కనబడింది. ఒకడు బలహీనుల మీద ఇరవై ఆటలు గెలుస్తాడు, ఇంకొకడు గట్టివాళ్ళ మీద పద్నాలుగే గెలుస్తాడు. ఈ ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. ఎవడు మేలు? ఎవరితో ఆడాడు, వాళ్ళు ఎవరితో ఆడారు అని తవ్వుకుంటూ పోవడం తప్ప మార్గం లేదు.

దీనికి ఇంకా చాలా మెలికలున్నాయి. సొంత రింకులో, అంటే సొంత మంచు మైదానంలో, గెలిస్తే ఆ గెలుపు విలువ 0.8, పరాయి రింకులో గెలిస్తే 1.2. ఓటమికి దీన్ని తిరగేస్తారు. అంటే ఇంట్లో ఓడితే పరువు ఎక్కువ పోతుంది. అదనపు సమయంలో తేలిన ఆటను పూర్తి గెలుపుగానూ, పూర్తి ఓటమిగానూ లెక్కకట్టరు. మొదటి ఇరవై జట్లలో ఒకదాన్ని ఓడిస్తే కాస్త అదనం కలుపుతారు.

అన్నిటికన్నా చిత్రమైనది ఇంకొకటుంది. మరీ బలహీనమైన జట్టు మీద గెలిస్తే, ప్రత్యర్థుల పాళ్ళు తగ్గిపోయి, గెలిచినవాడి అంకె కిందికి దిగే ప్రమాదం ఉంది. గెలిచి నష్టపోవడం! అందుకని అలాంటి గెలుపును లెక్కలోంచి తీసేయాలని ఒక నిబంధన పెట్టారు. గెలుపును కొట్టేసి గెలిచినవాడిని కాపాడే నియమం మీ విజిల్ జీవితంలో ఎక్కడైనా తగిలిందా?

ఆర్పీఐ ఒక్కటే సరిపోదు. ఈ సీజనులో ప్రతి జట్టునూ మిగతా ప్రతి జట్టుతోనూ జత కట్టి పోల్చారు. ఈ పద్ధతి పేరు పెయిర్‌వైజ్. ఆర్పీఐలో ఎవరు పైన, ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఎవరు మెరుగు, ముఖాముఖిలో ఎవరు ఎన్ని గెలిచారు అని చూసి ఆ జతలో ఒకరిని నెగ్గినట్టు రాశారు. అరవై నాలుగు జట్లుంటే జతలు రెండు వేల పదహారు. ఎక్కువ జతల్లో నెగ్గినవాడిది పై స్థానం. కాన్ఫరెన్సు విజేతలను పక్కన పెట్టి, పట్టికలో పైనుంచి దిగుతూ పది పేర్లు పూర్తికాగానే గీత గీస్తారు. గీతకు కాస్త అటూ ఇటూ ఉన్న జట్లను బబుల్ మీద ఉన్నాయంటారు.

ఈ లెక్క తెలిశాక ప్రేక్షకులు ఆటను చూసే తీరే మారిపోతుంది. మార్చి మూడో వారంలో ఇక్కడ రింకులో కూర్చున్నవాళ్ళను గమనించాను. కళ్ళముందు సొంత జట్టు ఆడుతుంటే, విరామంలో అందరి వేళ్ళూ ఫోన్ల మీదే. వెయ్యి మైళ్ళ అవతల, తమకు ఏ బంధమూ లేని రెండు కాలేజీల మధ్య ఆట ఎటు తిరుగుతోందో చూస్తున్నారు. తమవాళ్ళ భవితవ్యం అక్కడ ఉంది. ఎందుకంటే కాన్ఫరెన్సు టోర్నమెంటులో ఏ అనామక జట్టో గెలిచి నేరుగా లోపలికి వస్తే, లెక్క ప్రకారం రావాల్సిన ఆఖరి జట్టు బయటికి పోతుంది.

దీనికి 2013 నాటి కథ చెబితే మీరు మర్చిపోరు. యేల్ విశ్వవిద్యాలయం జట్టు ఆ ఏడు కాన్ఫరెన్సు టోర్నమెంటు కోసం అట్లాంటిక్ సిటీకి వెళ్ళి, ఆడిన రెండు ఆటలూ ఓడింది. ఒక్క గోలూ వేయలేదు. తన చేతుల్లో చేయగలిగింది ఇక ఏమీ మిగల్లేదు. మర్నాడు ఆదివారం డిట్రాయిట్‌లో మిషిగన్, నోట్రడామ్ జట్ల మధ్య ఇంకో కాన్ఫరెన్సు ఫైనల్. మిషిగన్ గెలిస్తే ఆ స్థానం దానిది, యేల్ ఇంటికి. మిషిగన్ ఓడితే యేల్‌కు తలుపు తెరుచుకుంటుంది. అప్పటికి మిషిగన్ వరసగా 22 ఏళ్ళు ఈ టోర్నమెంటుకు వెళ్ళిన జట్టు. ఆ రోజు నోట్రడామ్ 3-1తో గెలిచింది. మిషిగన్ వరస తెగింది. యేల్ లెక్కలో ఆఖరి జట్టుగా లోపలికి వచ్చింది.

వచ్చి ఊరుకోలేదు. మొదటి ఆటలో మిన్నెసోటాను అదనపు సమయం మొదలైన తొమ్మిది సెకన్లకే గోలు వేసి పడగొట్టింది. తర్వాత నార్త్ డకోటాను, ఆ తర్వాత మళ్ళీ అదనపు సమయంలో మసాచుసెట్స్ లోవెల్‌ను ఓడించింది. పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్లో ఎదురుపడింది క్విన్నిపియాక్. యేల్‌కు పక్క ఊరి కాలేజీ అది. పట్టికలో మొట్టమొదటి జట్టు. ఆ సీజనులో యేల్‌ను అంతకుముందే మూడుసార్లు ఓడించిన జట్టు. యేల్ 4-0తో గెలిచి ఛాంపియన్ అయింది. డిట్రాయిట్‌లో ఆ పక్ ఇంకో రకంగా దొర్లి ఉంటే ఈ ఛాంపియన్ అసలు బస్సే ఎక్కేది కాదు.

పేర్లు తేలాక కమిటీ ఏం చేస్తుందంటారా? అప్పుడే వాళ్ళకు అసలు పని. పదహారు జట్లను నాలుగు ఊళ్ళకు, ఊరికి నాలుగు చొప్పున పంచాలి. పట్టికలో మొదటి నలుగురు నాలుగు ఊళ్ళలో ఉండాలి, మొదటివాడికి దగ్గరి ఊరు చూపించాలి. వీలైనంతవరకు ఒకటో జట్టుకు పదహారు, రెండో జట్టుకు పదిహేను ఎదురవ్వాలి. ఒకే కాన్ఫరెన్సు జట్లు మొదటి ఆటలోనే తలపడకూడదు. ఆతిథ్యమిచ్చే కాలేజీ గనక అర్హత పొందితే, దాన్ని తన ఊళ్ళోనే ఆడించాలి. పైగా టిక్కెట్లు అమ్ముడుపోవాలి! ఒకటి సర్దితే ఇంకొకటి చెదురుతుంది.

ఈ ఏడు ఆ పంపకం చూసి నాకు ముచ్చటేసింది. మేముండే వాల్తమ్‌లోనే బెంట్లీ విశ్వవిద్యాలయం ఉంది. అట్లాంటిక్ హాకీ అమెరికా గెలిచి, చరిత్రలో మొదటిసారి జాతీయ టోర్నమెంటుకు వచ్చింది. పదహారింటిలో అడుగున ఉన్న దానికి ఎదురు నిలిచింది ఒకటో స్థానపు బోస్టన్ కాలేజ్. అదీ ఈ చుట్టుపక్కలదే. పక్కపక్క ఊళ్ళ కాలేజీలు రెండూ న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌కు వెళ్ళి ఆడాయి. బోస్టన్ కాలేజ్ 3-1తో గెలిచింది. హాకీ ఈస్ట్ నుంచి ఏకంగా ఆరు జట్లు వచ్చినా, మొదటి ఆటల్లో ఏ రెండూ ఢీకొనకుండా సర్దగలిగారు. తొమ్మిదిసార్లు ఛాంపియన్ అయిన మిషిగన్, ఎనిమిదిసార్లు అయిన నార్త్ డకోటా మాత్రం గీత కిందే ఉండిపోయాయి. పేరు చూసి పిలిచే పద్ధతే అయితే ఆ రెంటినీ బయట నిలబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఆ నాలుగు ఊళ్ళలో ఒకటైన ఫార్గోలో జరిగిన ఆటలకు ఆతిథ్యం ఇచ్చింది నార్త్ డకోటాయే. ఇల్లు తనది, ఆడింది పరాయివాళ్ళు.

లెక్క జోస్యం చెప్పదని కూడా ఈ ఏడే చూశాను. రెండో స్థానపు మిషిగన్ స్టేట్ మొదటి ఆటలోనే కార్నెల్ చేతిలో 4-3తో ఓడింది. మూడో స్థానపు మెయిన్‌ను పెన్ స్టేట్ 5-1తో కొట్టింది. అదీ పెన్ స్టేట్ ఆతిథ్యమిచ్చిన పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో. పై స్థానం సంపాదించుకున్నవాడు కింది స్థానపువాడి ఇలాకాకు వెళ్ళి ఆడడం ఏం న్యాయమని ఇక్కడివాళ్ళు ఏటా వాదించుకుంటారు. బోస్టన్ కాలేజ్ రెండో ఆటలో డెన్వర్ చేతిలో పడిపోయింది. చివరికి ఏప్రిల్ 12న సెయింట్ లూయిస్‌లో బోస్టన్ యూనివర్సిటీని 6-2తో ఓడించి, వెస్టర్న్ మిషిగన్ మొదటిసారి కప్పు ఎత్తింది.

ఈ లెక్కలో ఎవరికీ అన్యాయం జరగదని నేననను. ఏ కాన్ఫరెన్సులోనూ చేరని కాలేజీలు కొన్నున్నాయి. వాటికి నేరు దారి లేదు, ఉన్నదల్లా ఆ పది స్థానాలే. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ జట్టు చాలా పరాయి ఆటలకు వేల మైళ్ళు ఎగిరి, 2022-23లో 22 ఆటలు గెలిచి కూడా పిలుపు అందుకోలేకపోయింది. మార్చిలో అందరూ కాన్ఫరెన్సు టోర్నమెంట్లు ఆడి తమ అంకె పెంచుకుంటుంటే, ఆ జట్టు ఇంట్లో కూర్చుని చూడాల్సిందే. పైగా 25, 21, 54 అన్న పాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనుషులే పెట్టారు, చాలాసార్లు మార్చారు, ఇకముందూ మారుస్తారు. అంటే మనిషి ఇష్టాయిష్టాలు పోలేదు, వాటి చోటు మారిందంతే. ఏ జట్టు ముందుంటుందో తెలియని వేసవిలో కూర్చుని ఒకసారి నిర్ణయించుకున్నారు, తర్వాత దానికి కట్టుబడ్డారు.

ఆ కట్టుబాటు తెగితే ఏమవుతుందో 2021లో తెలిసింది. కోవిడ్ వల్ల జట్లు చాలావరకు తమ తమ కాన్ఫరెన్సుల్లోనే ఆడాయి. అటువాడు ఇటువాడితో ఆడకపోతే పోలికకు దారం దొరకదు, సూత్రం పనికిరాదు. కమిటీ తన బుద్ధితోనే ఎంచింది. జట్ల పేర్లు వచ్చాయి, టోర్నమెంటూ జరిగింది. కానీ ఫలానా జట్టు ఎందుకుంది, ఫలానాది ఎందుకు లేదు అన్న ప్రశ్నకు ఎవరూ కాగితం మీద జవాబు చూపలేకపోయారు. మామూలు ఏడాదిలో గీత కింద పడ్డ జట్టుకు తన కొంప ముంచిన ఆట ఏదో తేదీతో సహా తెలుస్తుంది.

1948లో ఈ టోర్నమెంటు మొదలైనప్పుడు నాలుగే జట్లు. కొలరాడో స్ప్రింగ్స్‌లో బ్రాడ్‌మూర్ అనే విలాసవంతమైన హోటలు వాళ్ళ రింకులో జరిగింది. మొదటి పదేళ్ళూ అక్కడే. నలుగురిని పిలవడానికి పెద్దమనుషుల మాట చాలు. పదహారుకు పెరిగింది 2003లో. అరవై పైచిలుకు కాలేజీలు తలుపు దగ్గర నిలబడ్డాక పెద్దమనుషుల మాట ఎంత మంచిదైనా చాలదు, దాన్ని జనం నమ్మాలి కదా.

మాస్టారూ, మన జిల్లా ఎంపికలకు ఈ రెండు వేల జతలూ, మేనమామల వియ్యంకుల లెక్కలూ అక్కర్లేదు. ఇక్కడివాళ్ళ దగ్గర తీసుకోవలసింది ఒక్కటే. పరుగుకు ఎంత, స్టిక్ పనికి ఎంత, గత ఏడాది ఆటకు ఎంత అన్నది ట్రయల్స్‌కు నెల ముందే స్కూలు గోడ మీద అంటించడం, అంటించాక ఎవరు ఫోను చేసినా మార్చకపోవడం. మీరు రిటైరయినా, ఇప్పటి పీఈటీలు మీ మాట వింటారు. వాళ్ళను ఈ ఏడు ఒక్క జట్టుతో మొదలుపెట్టమనండి. మీరే అయితే దేనికి ఎన్ని పాళ్ళు వేసేవారో జవాబులో తప్పక రాయండి.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ శిష్యుడు